జనగామ ప్రాంతంలో సరదా పరుగు, సామూహిక పరుగు పోటీలు

జీతం కోసమో పతకం కోసమో కాక, ఒంటికీ మనసుకూ హాయిగా ఉంటుందని పరుగెత్తడం సరదా పరుగు. దానికి ఒక దూరం, ఒక తేదీ పెట్టి జనాన్ని పిలిస్తే సామూహిక పరుగు పోటీ అవుతుంది. పేరుకు పోటీయే అయినా ఇందులో మొదట వచ్చిన ముగ్గురికన్నా చివరిదాకా వచ్చిన మూడు వందల మంది లెక్కే ముఖ్యం. 2కె, 5కె, 10కె, దాదాపు 21.1 కిలోమీటర్ల హాఫ్ మారథాన్, 42.195 కిలోమీటర్ల మారథాన్ అందరికీ అలవాటైన దూరాలు.

ఇక్కడ చెప్పుకునేది తెలంగాణలోని మూడు జిల్లాల పరుగు గురించి. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి విడివడ్డాయి. సరదా పరుగు ఇక్కడికి నగరాల తోవలో రాలేదు. హైదరాబాద్‌లో బరువు తగ్గాలనుకున్న ఉద్యోగులు, ఆదివారం పొద్దున్నే కలిసే స్నేహ బృందాలు దాన్ని పెంచాయి. ఇక్కడ మాత్రం రెండు పనులు దానికి దారి వేశాయి: పోలీసు, సైనిక కొలువుల తయారీ ఒకటి, జెండా ఊపి మొదలుపెట్టే ప్రభుత్వ 2కె రన్‌లు రెండోది. రెండింటిలోనూ సరదా అసలు ఉద్దేశం కాదు. అయినా అది వాటి వెంటే వచ్చింది. ఈ ప్రాంతపు పరుగు కథలో చెప్పుకోదగ్గ విశేషం ఇదే.

గ్రౌండ్, ఈవెంట్స్

జనగామలో ధర్మకంచ మైదానం, మహబూబాబాద్‌లో ఎన్టీఆర్ స్టేడియం, భూపాలపల్లిలో అంబేద్కర్ స్టేడియం – ఏ ఊళ్లోనైనా ‘గ్రౌండ్’ అంటే చాలు, ఎక్కడో అందరికీ తెలుసు. తెల్లవారకముందే అక్కడికి రెండు రకాల జనం వస్తారు. బయటి అంచున చేతులు ఊపుకుంటూ నడిచే పెద్దవాళ్లు, లోపల రౌండ్లు కొట్టే కుర్రాళ్లు. నడిచేవాళ్లకు షుగరు, బీపీ, డాక్టరు మాట. ఉరికేవాళ్లకు కొలువుల నోటిఫికేషన్.

పోలీసు నియామకాల్లో దేహదారుఢ్య పరీక్షలను అభ్యర్థులు ‘ఈవెంట్స్’ అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో అయిదు కిలోమీటర్ల పరుగు ఉండేది. అభ్యర్థులు కుప్పకూలి చనిపోయిన ఘటనల తర్వాత, తెలంగాణ వచ్చాక దాన్ని తీసేశారు. కొన్నేళ్లు పురుషులకు 800 మీటర్లు, మహిళలకు 100 మీటర్ల పరుగు నడిచింది. 2022 నోటిఫికేషన్‌తో లెక్క మారింది. పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. అది దాటితేనే లాంగ్‌జంప్, షాట్‌పుట్.

ఈ అంకెలను సరదా పరుగు భాషలోకి మార్చి చూస్తే ఆసక్తిగా ఉంటుంది. 400 మీటర్ల ట్రాక్ మీద 1600 అంటే నాలుగు రౌండ్లు. ఒక్కో రౌండుకు 108 సెకన్లకు కాస్త పైన పడుతుంది, కిలోమీటరు నాలుగున్నర నిమిషాలన్నమాట. అదే వేగం నిలిపితే 5కె 23 నిమిషాల లోపే అయిపోతుంది. నగరాల్లో ఆదివారం పరుగుకు వచ్చేవారిలో చాలామందికి అది అందని వేగం. మహిళల 800 మీటర్ల గడువు కిలోమీటరుకు 6 నిమిషాల 40 సెకన్లు. ఆ లెక్కన 5కెకు 33 నిమిషాల పైచిలుకు పడుతుంది. కొత్తగా పరుగు మొదలుపెట్టిన ఎవరైనా కొన్ని నెలల్లో అందుకోగల వేగమిది. అంటే కొలువు కోసం తయారైన చాలామంది, తెలిసో తెలియకో, 5కె పరుగుకూ దాదాపు సిద్ధమైనవాళ్లే.

ఇంకో చిత్రం. కాలు గీత దాటిన క్షణాన్ని పట్టే ఎలక్ట్రానిక్ చిప్‌ను నగరంలో జనం మారథాన్‌లో చూశారు. పల్లె కుర్రాళ్లలో చాలామంది దాన్ని మొదట ఈవెంట్స్‌లోనే చూశారు. తెలంగాణ పోలీసు నియామక మండలి పరుగు సమయం తీయడానికి ఈ చిప్‌లనే వాడింది. 2022 డిసెంబరులో ఈవెంట్స్ జరిగినప్పుడు అర సెకను తేడాతో పోయినవాళ్లు, అర సెకను మిగిల్చుకున్నవాళ్లు ఊరూరా కనబడ్డారు.

భూపాలపల్లిలో దీనికి సింగరేణి బొగ్గు గనుల సంస్థ తోడైంది. గని కార్మికుల ఆటపాటలకు సంస్థలో డబ్ల్యుపిఎస్ అండ్ జీఏ అనే పాత వ్యవస్థ ఉంది. ఏరియాల వారీగా పోటీలు పెట్టి గెలిచినవాళ్లను పై పోటీలకు పంపుతుంది. కార్మికుల పిల్లలకూ చుట్టుపక్కల యువకులకూ సైనిక, పోలీసు ఎంపికల కోసం సింగరేణి సేవా సమితి ఇచ్చే శిక్షణలో పరుగుదే పెద్ద పీట. ఎనిమిది గంటల షిఫ్టు భూమి లోపల చేసి వచ్చిన మనిషికి తెరిచిన ఆకాశం కింద నాలుగు రౌండ్లు కొట్టడం ఎలాంటి సుఖమో, మైదానంలో కాసేపు నిలబడి చూస్తే తెలుస్తుంది.

కొలువు వచ్చినవాడు గ్రౌండ్ మానేస్తాడని అనుకుంటాం. చాలామంది మానేస్తారు కూడా. కొందరు మానరు. కొలువు రాకపోయినా, వయసు దాటిపోయినా రోజూ వచ్చేవాళ్లు కొందరుంటారు. గడియారం చూడడం ఆపిన తర్వాత కూడా రౌండ్లు కొట్టేవాళ్లతోనే ఈ జిల్లాల్లో సరదా పరుగు మొదలైందని చెప్పాలి. కొత్తవాళ్లకు పేస్ పట్టించేది, ‘మొదటి రౌండు తన్నుకు ఉరకకు, దమ్ము దాచుకో’ అని చెప్పేది వాళ్లే.

2కె రన్

రెండో దారి బ్యానరుతో వచ్చింది. ఒలింపిక్ దినమైన జూన్ 23, ఓటరు దినమైన జనవరి 25, 2014 నుంచి ఏక్తా దివస్‌గా జరుపుతున్న అక్టోబరు 31 – ఇలా ఏడాది పొడవునా ఏదో ఒక పేరుతో జిల్లా కేంద్రంలో 2కె, 5కె రన్ ఉంటుంది. 2022 ఆగస్టులో స్వతంత్ర భారత వజ్రోత్సవాల్లో రాష్ట్రమంతా ఫ్రీడం రన్ జరిగింది. మరుసటి ఏడాది రాష్ట్ర అవతరణ దశాబ్ది ఉత్సవాల్లో జూన్ 12న తెలంగాణ రన్ పెట్టారు. పోలీసు శాఖ, జిల్లా యంత్రాంగం కలిసి నడిపిన ఈ పరుగులు ప్రతి జిల్లాకూ చేరాయి.

ఈ పరుగుల తీరే వేరు. ఆరు గంటలకని చెబితే ముఖ్య అతిథి వచ్చేసరికి ఏడవుతుంది. అప్పటికే బడి పిల్లలు అటూ ఇటూ ఉరికి సగం అలసిపోయి ఉంటారు. టీ షర్టుల పంపకంలో ఒకే సైజు మిగులుతుంది. పదేళ్ల పిల్లకు అది మోకాళ్ల దాకా వస్తుంది. జెండా ఊపగానే ముందు వరుసలోని పెద్దలు ఫొటోకు సరిపడా దూరం నడిచి పక్కకు తప్పుకుంటారు. వాళ్లను తోసుకుంటూ వెనకున్న పిల్లలు దూసుకుపోతారు. చెప్పులు చేత పట్టుకుని ఉరికేవాళ్లుంటారు. చివర అరటిపండు, మజ్జిగ ప్యాకెట్.

ఇదంతా మొక్కుబడి వ్యవహారమని తీసిపారేసేవాళ్లున్నారు. నా మటుకు నాకు అది సగం నిజమే అనిపిస్తుంది. ఊరి నడిరోడ్డును గంటసేపు బండ్లకు మూసి మనుషులకు వదిలేయడం మామూలు విషయం కాదు. పోలీసులు అడ్డం నిలబడి దారి ఇస్తుంటే ఆ రోడ్డు మీద, రోజూ బస్సు తప్పించుకుంటూ దాటే రోడ్డు మీద, మధ్యలో ఉరకడంలో ఉన్న దర్జా పిల్లలకు బాగా తెలుసు. రుసుము లేదు, రిజిస్ట్రేషన్ లేదు, బూటు అడిగేవాడు లేడు. నగరంలో 10కెకు వందల రూపాయలు కట్టి నిలబడే వరుసలో చోటు దొరకని జనం ఇక్కడ ముందు వరుసలో ఉంటారు.

దీనికీ వెనక పాత అలవాటు ఉంది. జనవరి 26కు, ఆగస్టు 15కు బడిలో పరుగు పందెం, గోనె సంచి పరుగు, నోట్లో చెంచా పెట్టి నిమ్మకాయ పరుగు. సంక్రాంతికి ఊళ్లో యువజన సంఘం పెట్టే ఆటలు. బహుమతి స్టీలు గిన్నె, టిఫిన్ డబ్బా. ఇప్పటి 2కె రన్ వాటికి కొనసాగింపే. కాకపోతే అప్పుడు ఊరంతా గట్టు మీద కూచుని చూసేది, ఇప్పుడు దిగి ఉరుకుతోంది.

హాయి ఎక్కడిది

ఎందుకు ఉరుకుతున్నావని అడిగితే జనం ఆరోగ్యమంటారు. అది అబద్ధం కాదు. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ గానీ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పరుగు గట్టి శ్రమ కిందికి వస్తుంది కాబట్టి రోజుకు పావుగంట ఉరికినా వారం లెక్క తీరుతుంది. కానీ ఆరోగ్యం కోసం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది రెండు నెలలకే ఆపేస్తారు. ఏళ్ల తరబడి కొనసాగించేవాళ్లను నిలిపేది వేరే ఉంది.

మొదటి పది నిమిషాలు ఎవరికైనా కష్టమే. ఆయాసం వస్తుంది, పిక్కలు బిగుసుకుంటాయి, ఇంటికి పోదామనిపిస్తుంది. ఆ తర్వాత ఊపిరి ఒక లయకు వస్తుంది. అరగంట, ముప్పావుగంట దాటాక కొందరికి నొప్పి తగ్గి, మనసు తేలికై, ఎంత దూరమైనా పోవచ్చనిపిస్తుంది. దీనికి కారణం ఎండార్ఫిన్లని చాలాకాలం నమ్మారు. అయితే ఎండార్ఫిన్లు రక్తం నుంచి మెదడులోకి అంత సులువుగా చేరవు. 2021లో హాంబర్గ్ పరిశోధకులు ఎండార్ఫిన్ల పనిని అడ్డుకునే నాల్ట్రెక్సోన్ మందు ఇచ్చి మనుషులను పరుగెత్తించారు. మందు వేసుకున్నవాళ్లకూ హాయి తగ్గలేదు. ఇప్పుడు చూపు ఎండోకానబినాయిడ్ల మీదికి మళ్లింది. ఇవి శరీరమే తయారు చేసుకునే పదార్థాలు, గంజాయిలోని పదార్థం పనిచేసే చోటే పనిచేస్తాయి. ఆ స్థితి ప్రతి పరుగులోనూ రాదు, అందరికీ రాదు.

మనిషి శరీరమే దూరపు పరుగుకు తయారైందన్న వాదన ఇంకొకటి ఉంది. 2004లో డెన్నిస్ బ్రాంబుల్, డేనియల్ లీబర్‌మన్ ‘నేచర్’ పత్రికలో దీన్ని ముందుకు తెచ్చారు. సాగే మడమ స్నాయువు, పెద్ద పిరుదుల కండరం, వెంట్రుకలు తగ్గి చెమట పట్టే చర్మం – ఇవన్నీ ఎండలో చాలాసేపు ఉరకడానికి పనికొస్తాయని వాళ్ల లెక్క. ఏప్రిల్ నెలలో జనగామలో మధ్యాహ్నం బయటికి వచ్చినవాళ్లు ఈ వాదనను కాస్త అనుమానంగానే చూస్తారు.

శాస్త్రం తూకం వేయలేని కారణాలు కొన్ని ఉన్నాయి. గ్రౌండ్‌కు రోజూ వచ్చే మనిషి రెండు రోజులు కనబడకపోతే మూడో రోజు ఫోన్ వస్తుంది. వాకర్స్ అసోసియేషన్ అంటే పేరుకు నడక సంఘమే గాని, అందులో కూతురి పెండ్లి సంగతి, పత్తి ధర, బదిలీ ఉత్తర్వు అన్నీ కదులుతుంటాయి. పక్కన మనిషి ఉంటే రౌండ్లు తెలియకుండా పెరుగుతాయి. మాట్లాడగలిగినంత వేగంతో ఉరకడమే కొత్తవాళ్లకు మంచిదని శిక్షకులు చెప్పేది కూడా దీనికి కలిసివచ్చింది. ఇక బండి ఉన్నవాడైనా లేనివాడైనా, పదోతరగతి తప్పినవాడైనా పంతులైనా గ్రౌండ్ మీద గుర్తింపు ఒక్కటే: ఎన్ని రౌండ్లు.

దీప్తి తోవ

ఈ ప్రాంతంలో పరుగు మాటెత్తితే జీవంజి దీప్తి పేరు రాకుండా ఉండదు. ఊరు వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ. మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల టీ20 విభాగంలో 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది. అంతకుముందు హాంగ్జౌ ఆసియా పారా క్రీడల్లో స్వర్ణం. కోచ్ నాగపురి రమేశ్ ఆమెను తీర్చిదిద్దారు. చిన్నప్పుడు తన రూపాన్ని చూసి నవ్విన మనుషుల మధ్యే ఆమె బడి మైదానంలో ఉరకడం మొదలుపెట్టింది. ఆమెది సరదా పరుగు కాదు, పచ్చి పోటీ. అయినా పల్లె ఆడపిల్లను గ్రౌండ్‌కు పంపడానికి వెనకాడే ఇళ్లలో ఇవాళ ఆమె పేరే మొదటి జవాబు.

2022 పోలీసు నోటిఫికేషన్‌లోని 800 మీటర్లు కూడా ఆడపిల్లలను గ్రౌండ్‌కు రప్పించింది. అంతకుముందు 100 మీటర్లకు రోజూ రౌండ్లు కొట్టనక్కర్లేదు. 800 అనేసరికి ఆడపిల్లలు నెలల తరబడి పొద్దున్నే గ్రౌండ్‌కు రావలసి వచ్చింది. చెల్లె వెంట అక్క, బిడ్డ వెంట అమ్మ వచ్చి బయటి అంచున నడిచారు. అయినా రోడ్డు మీద ఒంటరిగా ఉరికే ఆడమనిషి ఈ ఊళ్లలో ఇంకా అరుదే. చీకటి, కుక్కలు, చూపులు. ఇలాంటి అడ్డు ఇక్కడిది మాత్రమే కాదు. 1967లో బోస్టన్ మారథాన్‌లో నంబరు కట్టుకుని ఉరికిన క్యాథరిన్ స్విట్జర్‌ను నిర్వాహకుడొకరు పట్టి లాగబోయాడు. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ 1984లో గాని రాలేదు. అక్కడ నిబంధన అడ్డొచ్చింది, ఇక్కడ నిబంధనేమీ లేకుండానే అడ్డు ఉంది.

నేల, ఎండ, వడ్లు

ఇక్కడ పరుగుకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి దాటితే సూర్యుడు రాకముందే ముగించాలి. మే నెలలో ఉష్ణోగ్రత 43, 44 డిగ్రీలకు పోతుంది. వానాకాలంలో మట్టి మైదానం రేగడి బురద అవుతుంది. అప్పుడు అందరూ రోడ్డెక్కుతారు.

రోడ్డుకు తన సమస్యలు తనకున్నాయి. హైదరాబాద్–వరంగల్ 163వ నంబరు జాతీయ రహదారి జనగామ మీదుగా పోతుంది. దాని మీద ఉరకడం తెలివైన పని కాదు. పల్లె రోడ్లు హాయిగా ఉంటాయి గానీ, వానాకాలం పంట కోతలప్పుడూ యాసంగి కోతలప్పుడూ సగం రోడ్డు వడ్లదే. కిలోమీటర్ల పొడవున ఆరబోసిన ధాన్యం, అంచున రాళ్ల వరుస, పట్టా కప్పుకుని పడుకున్న కావలి మనిషి. ఉరికేవాడు మిగిలిన సగంలోకి తప్పుకోవాలి; ఎదురుగా ట్రాక్టరొస్తే ఆగాలి. తొక్కితే తిట్లు తప్పవు, అవి న్యాయమైన తిట్లే. కుక్కల కోసం చిన్న కర్ర పట్టుకుని ఉరికేవాళ్లున్నారు. కర్ర ఊపనక్కర్లేదు, ఆగి నడిస్తే చాలావరకు అవీ ఆగుతాయి.

2022 నుంచి ఊరూరా క్రీడా ప్రాంగణాలు పెట్టారు. ఎకరం అటూ ఇటూ స్థలంలో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ కోర్టులు పట్టాయి. పరుగుకు మాత్రం అవి చాలవు. ఎకరం స్థలం చుట్టూ తిరిగితే దాదాపు 250 మీటర్లు వస్తుంది, మూలల్లో వేగం తగ్గించక తప్పదు. పూర్తి 400 మీటర్ల ట్రాకుకు నాలుగెకరాలు కావాలి. సింథటిక్ ట్రాక్ కావాలంటే హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి పోవాలి. 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడే జరిగాయి; హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించి, సునీతా రాణి పేర 2002 నుంచి ఉన్న జాతీయ రికార్డును ఆ ట్రాక్ మీదే దాటింది.

హైదరాబాద్ వైపు

దేశంలో నగర పరుగుకు ఊపు తెచ్చింది 2004లో మొదలైన ముంబయి మారథాన్. హైదరాబాద్‌లో అంతకు ఏడాది ముందే 10కె రన్ మొదలైంది. 2007లో హైదరాబాద్ రన్నర్స్ బృందం ఏర్పడింది. వాళ్లు నడిపే హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టు చివర జరుగుతుంది. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో బయలుదేరి ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు ఎక్కి దిగి గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే ఈ మారథాన్ కష్టమైనదని పేరు. ఉక్కపోత దానికి తోడు. తీరాన విశాఖ నేవీ మారథాన్ 2014 నుంచి ఉంది. అమెరికాలో తానా వంటి తెలుగు సంఘాలు సేవా కార్యక్రమాల కోసం 5కె పరుగులు, నడకలు పెడుతుంటాయి.

జనగామకు ఇవన్నీ రైలు దూరంలోనో, ఫోన్ తెర మీదో ఉన్నవి. హైదరాబాద్‌లో కొలువు చేస్తున్న ఊరి పిల్లలు మెడలో పతకంతో ఫొటో పెడతారు, దసరాకు ఇంటికి వచ్చినప్పుడు గ్రౌండ్‌లో ఉరుకుతారు. చేతి గడియారంలో కిలోమీటర్లు చూసుకునే అలవాటు, పొడవు పరుగుకు ముందు కాస్త తిని నీళ్లు తాగే అలవాటు, షూ అరిగితే మార్చాలన్న సంగతి వాళ్ల వెంటే వచ్చాయి. నలభై దాటి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోవాలన్న మాట మాత్రం ఇంకా సరిగ్గా రాలేదు. పందెం రోజున పక్కవాడి వేగం చూసి ఛాతీ నొప్పిని మింగేసే మగవాళ్లకు అది గట్టిగా చెప్పవలసిన మాట.

ప్రపంచంలో ఎక్కువగా పాకిన నమూనా భారీ మారథాన్‌ది కాదు. 2004 అక్టోబరు 2న లండన్ బుషీ పార్కులో 13 మందితో మొదలైన పార్క్‌రన్‌ది. ప్రతి శనివారం, అదే పార్కు, అదే 5కె, రుసుము లేదు, నిర్వహించేది ఊరి స్వచ్ఛంద సేవకులే. జిల్లా కేంద్రాలకు సరిపోయే పద్ధతి ఇది. మైదానం ఉంది, మనుషులున్నారు, ఉచిత పరుగు అలవాటూ ఉంది. లేనిదల్లా ముఖ్య అతిథి కోసం ఎదురుచూడకుండా సరిగ్గా ఆరింటికి ఈల ఊదే మనిషి. పతకం కావాలనుకుంటే దానికీ దూరం పోనక్కర్లేదు. జనగామకు ఆరు కిలోమీటర్ల దూరంలో పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద నగిషీ చెక్కి జ్ఞాపికలు చేసే కళాకారులున్నారు. ఇప్పుడు పోటీల్లో పంచే పోత పతకాలు ఎక్కడ చూసినా ఒకే అచ్చు. గ్రౌండ్ నుంచి పెంబర్తికి ఉరికిపోయి, అక్కడి ఇత్తడి బిళ్ల మెడలో వేసుకుని ఉరికి వస్తే పన్నెండు కిలోమీటర్లు.